మొదటి వరుసలో ఉన్న పేరు



తద్దినం పెట్టేటప్పుడు పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాత. నాలుగో పేరు ఆయన అడగడు, మనమూ చెప్పం. మా ముత్తాత పేరు నాకు తెలుసు. ఆయన తండ్రి ఎవరన్న ప్రశ్న డెబ్బయ్యేళ్లు వచ్చేదాకా నాకు తట్టనే లేదు. తట్టించింది ఒక ఐర్లండు ముసలావిడ, ఒక పాత సమాధి రాయి ముందు నన్ను నిలబెట్టి.

మాది మదనపల్లె. ముప్పయ్యేళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాల మీద ఐర్లండులో వెక్స్‌ఫర్డ్ కౌంటీలో ఉంటున్నారు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. ఒక వేసవిలో మూడు నెలలు ఉండి రమ్మని పిలిచారు. వాళ్లు పనికి వెళ్తే ఇంట్లో నేనూ, కిటికీ బయట వానా. పక్కింట్లో ఎనభై ఏళ్ల ఆవిడ ఒంటరిగా ఉండేది. ఒకప్పుడు పోస్టాఫీసులో పని చేసిందట. గోడ దగ్గర పలకరింపుతో మొదలై రోజూ టీ దాకా వచ్చింది మా స్నేహం.

మాది మదనపల్లె అని చెప్పి, కాస్త గొప్పలు కూడా పోయాను. మా ఊరి థియొసాఫికల్ కాలేజీకి మీ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు, ఆయన భార్య మార్గరెట్ మీ రాస్‌కామన్ కౌంటీలో బాయిల్ ఊరి ఆడపడుచు, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది మా ఊళ్లోనే, బాణీకి స్వరాలు రాసిపెట్టడంలో ఆ మార్గరెట్ చెయ్యి ఉంది అని ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "రాస్‌కామన్ మాకు చాలా దూరమండీ, వాళ్లు వేరే మనుషులు" అంది. దేశం మొత్తం మన ఉమ్మడి ఆంధ్రలో మూడో వంతుకి కూడా రాదు. అయినా జిల్లా దాటితే పరాయివాళ్లే. ఈ మాట గుర్తుంచుకోండి. ఐర్లండులో పూర్వీకుల్ని వెతకాలంటే ముందు తెలియాల్సింది ఊరు. ఊరు తెలియకపోతే పేరు ఒక్కటీ దేనికీ పనికిరాదు. అవే పేర్లు, అవే ఇంటిపేర్లు వేలల్లో ఉంటాయి.

ఒక శనివారం ఆవిడే అడిగింది. "మీరు మాస్టారు కదా, పిల్లల కోడిగీతలు చదివిన కళ్లు. మా వాళ్ల రాయి ఒకటుంది, నాకు సగమే అర్థమవుతోంది. వస్తారా?"

సమాధుల తోట ఊరికి నాలుగు మైళ్లు. మధ్యలో పైకప్పు లేని చర్చి, గోడల నిండా ఐవీ తీగ, చుట్టూ మోకాలి ఎత్తున గడ్డి, అందులో నెటిల్ మొక్కలు. మన దురదగొండికి పిన్నమ్మ కూతుళ్లు. నా పంచె సంగతి చూసి ఆవిడ తన కొడుకు పాత ప్యాంటు ఒకటి ముందే తెచ్చి పెట్టుకుంది.

ఆ పాడుబడ్డ చర్చి కథ కొంచెం చెప్పాలి. 16వ శతాబ్దంలో ఇంగ్లండు రాజు పోపుతో తెగదెంపులు చేసుకున్నాక, ఐర్లండులోని పాత గుళ్లు, వాటి చుట్టూ ఉన్న శ్మశానాలు ప్రభుత్వ మతమైన చర్చ్ ఆఫ్ ఐర్లండు చేతికి పోయాయి. జనంలో ఎక్కువమంది క్యాథలిక్కులుగానే ఉండిపోయారు. కానీ చచ్చిపోతే మాత్రం తాతముత్తాతలు ఉన్న చోటే పడుకోవాలి. అందుకని ప్రొటెస్టెంటు ఫాదరీకి రుసుము కట్టి మరీ అక్కడే పూడ్చుకున్నారు. 1823లో డబ్లిన్‌లో ఒక క్యాథలిక్ ఫాదరీ సమాధి దగ్గర ప్రార్థన చదవబోతే అడ్డుకున్నారు. ఆ గొడవలోంచే డేనియల్ ఓకానెల్ పూనుకుని ఏ మతం వాళ్లకైనా చోటిచ్చే గ్లాస్‌నెవిన్ శ్మశానం తెరిపించాడు, 1832లో. పల్లెల్లో మాత్రం పాత పద్ధతే నడిచింది. అందుకే ఒకే గోడ లోపల రెండు మతాల రాళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి.

రాళ్లు కూడా అందరికీ ఉండవు. నిజానికి చాలామందికి లేవు. పొలంలోంచి తెచ్చిన మొరటు గుండు ఒకటి తల దగ్గర, ఒకటి కాళ్ల దగ్గర. అంతే. చెక్కించిన రాయి ఉందంటే ఆ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు నాలుగు డబ్బులు ఆడాయన్నమాట.

ఆవిడ వాళ్ల రాయి పలక రాయి. మన మార్కాపురం పలకల్లాంటిదే, నల్లగా, నున్నగా, నా ఛాతీ ఎత్తున, కొద్దిగా వెనక్కి ఒరిగి. అదృష్టవంతులు. ఇసుకరాయి అయితే రెండు వందల ఏళ్లలో అక్షరాలు రాలిపోయేవి. పైన శిలువ గుర్తు, దాని కింద రెక్కల తల ఉన్న దేవదూత. దేవదూత ముఖం అచ్చం చందమామలా గుండ్రంగా ఉంది. ఆ ప్రాంతంలో పాతకాలపు మేస్త్రులు మంచి పనివాళ్లు. మొనసీడ్ అనే ఊళ్లో డెనిస్ కలెన్ అని ఒకాయన 18వ శతాబ్దంలో క్రీస్తు శిలువ దృశ్యాన్ని రాళ్ల మీద చెక్కేవాడు. కొన్నింటి మీద తన పేరూ ఊరూ కూడా చెక్కుకున్నాడు. మా రాయి చెక్కినాయన ఎవరో గానీ అంత ఘనుడు కాదు. వరస చివరికి వచ్చేసరికి చోటు చాలక, మిగిలిన రెండక్షరాల్ని పైకెక్కించి చిన్నవిగా ఇరికించాడు. మా బడి పిల్లలు బోర్డు మీద చేసే పనే.

రాయి మీద తెల్లగా, పసుపుగా మచ్చలు. మనం బిర్యానీలో వేసుకునే రాతిపువ్వు జాతి అది. నేను ఉత్సాహంగా ఇంటి నుంచి తెచ్చిన ఇనప బ్రష్షు సంచిలోంచి తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. గీకితే మచ్చతో పాటు అక్షరం కూడా లేచి వస్తుందట. సుద్దపొడి రుద్దకూడదు, బ్లీచింగు పోయకూడదు. మెత్తటి బ్రష్షు, మంచి నీళ్లు, అవీ తప్పదనుకుంటేనే. మరి చదవడం ఎలా? ఆవిడ కారు డిక్కీలోంచి పాత అద్దం ఒకటి తీసింది. బీరువా తలుపుకు ఉండే నిలువుటద్దం. దాన్ని పక్కనుంచి వంచి పట్టి, ఎండని రాయి మీదుగా ఏటవాలుగా పంపింది. ఒక్కసారిగా ప్రతి గాడిలోనూ నీడ నిలబడింది. అప్పటిదాకా బల్లపరుపుగా ఉన్న రాయి మాట్లాడ్డం మొదలుపెట్టింది. మబ్బు అడ్డొస్తే ఆగడం, ఎండొస్తే గబగబా రాసుకోవడం. రెండు గంటలు పట్టింది తొమ్మిది వరసలకి.

పేర్లు చెప్పను. ఆ ఇంటివాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. కానీ వరసలు చెబుతాను.

మొదటి వరస: ఫలానావాడు, ఫలానా ఊరివాడు, నిలబెట్టించాడు. రెండో వరస నుంచి: తన తండ్రి స్మారకంగా. తండ్రి పోయిన తేదీ, 1809, వయసు 62. తర్వాత తల్లి, 1823, వయసు 70. చివర, చిన్నతనంలోనే పోయిన తన నలుగురు పిల్లలు. ఆ నలుగురికీ పేర్లు లేవు, తేదీలు లేవు. అక్షరానికింత అని డబ్బు తీసుకునే కాలం కాబట్టి నలుగురినీ ఒక్క వరసలో కుదించాడేమో.

గమనించారా, పోయినవాళ్ల కంటే ముందు బతికున్నవాడి పేరు ఉంది. ఐర్లండులో పాత రాళ్లు చాలా మటుకు ఇలాగే మొదలవుతాయి. మొదట నాకు నవ్వొచ్చింది. మన గుళ్లలో ట్యూబులైటు మీద, ఫ్యాను రెక్క మీద దాత పేరు రాయిస్తారే, అది గుర్తొచ్చింది. కానీ వంశం వెతికేవాడికి ఆ మొదటి పేరే తాళంచెవి. తల్లిదండ్రుల పేర్లు, పిల్లల సంగతి, ఊరు, అన్నీ ఆ ఒక్క మనిషి చుట్టూ ముడిపడి ఉంటాయి. మూడు తరాలు ఒక్క రాయి మీద.

తండ్రి పోయిన తేదీ దగ్గర నేను బోల్తా పడ్డాను. నెల పేరు ఉండాల్సిన చోట ఏడంకె, పక్కన "బర్" అని ఉంది. ఏడో నెల కదా, జులై అని రాసుకున్నాను. ఇంటికెళ్లాక ఆవిడ చూసి పకపకా నవ్వింది. అది సెప్టెంబరు. లాటిన్‌లో సెప్టెం అంటే ఏడు, మన సప్తకి చుట్టం. రోమన్ల పాత లెక్కలో సంవత్సరం మార్చిలో మొదలయ్యేది కాబట్టి సెప్టెంబరు ఏడో నెల. ఎనిమిదంకె వేసి బర్ అంటే అక్టోబరు, తొమ్మిది వేస్తే నవంబరు. అష్ట, నవ, దశ, అన్నీ మనవే. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఇంత దగ్గరి చుట్టాన్ని గుర్తుపట్టలేకపోయాను.

ఇక తల్లి పేరు. ఆమె పేరు, భర్త ఇంటిపేరు, తర్వాత "ఎలియస్" అన్న మాట, దాని పక్కన మరో ఇంటిపేరు. ఎలియస్ అంటే మనకి పోలీసు భాష, ఫలానా ఉరఫ్ ఫలానా. ఇదేమిటి, ముసలమ్మకి దొంగ పేరా అనుకున్నాను. కాదు. అది పుట్టింటి పేరు. పెళ్లయి యాభై ఏళ్లు కాపురం చేసినా ఐర్లండు పల్లెలో ఆడమనిషిని పుట్టింటి పేరుతోనే పిలిచేవాళ్లు. రాయి మీదా అదే చెక్కించారు. వంశం వెతికేవాళ్లకి ఇంతకు మించిన వరం లేదు. మన వంశవృక్షాల్లో చూడండి, మగవాళ్ల పేర్లు కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, ఆడవాళ్లు ఏ ఇంటి నుంచి వచ్చారో ఎక్కడా ఉండదు.

ఊరి పేరు అన్నాను కదా, అది ఊరు కాదు. టౌన్‌ల్యాండ్ అంటారు. పేరులో టౌన్ ఉంది గానీ పట్నం కాదు. మన పల్లెల్లో చేను పేర్లు, దిన్నె పేర్లు ఉంటాయే, అలాంటి చిన్న భూఖండం. కొన్నింట్లో పది ఇళ్లుంటాయి, కొన్నింట్లో ఒక్కటీ ఉండదు. దేశం మొత్తం మీద ఇవి 60 వేలకు పైనే. ఎన్నో వందల ఏళ్ల నాటి పేర్లు. పన్ను వసూలుకీ, జనాభా లెక్కకీ, తపాలాకీ అన్నిటికీ అదే చిరునామా. రాయి మీద ఉన్న టౌన్‌ల్యాండ్ పేరు, ఆవిడ పుట్టి పెరిగిన పొలం పేరూ ఒకటే.

అయినా ఒక పేచీ ఉంది. పేర్లు ఒకటైనంత మాత్రాన వాళ్లు వీళ్ల పూర్వీకులే అని ఎలా తేలుతుంది? ఆవిడకి తాత పేరు తెలుసు, ఆయన తండ్రి పేరు ఇంట్లో అనుకోగా తెలుసు. మనలాగే మూడు తరాలు. రాయి నిలబెట్టినవాడికీ ఆవిడ ముత్తాతకీ మధ్య ఖాళీ. ఆ ఖాళీని కాగితాలతో పూడ్చాలి. కాగితాలేమో కాలిపోయాయి.

1922 జూన్ 30న డబ్లిన్‌లో జరిగిన సంగతి ఇది. స్వాతంత్ర్యం వచ్చీ రాగానే ఐరిష్ వాళ్లు రెండు పక్షాలై తమలో తాము యుద్ధానికి దిగారు. ఇంగ్లండుతో ఒప్పందం నచ్చనివాళ్లు ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవనంలో తిష్ఠ వేశారు. కొత్త ప్రభుత్వ సైన్యం ఫిరంగులు పేల్చింది. ఆ ఆవరణలోనే ఉంది దేశం మొత్తం దస్తావేజులు దాచిన పబ్లిక్ రికార్డ్ ఆఫీసు. పేలుడు, ఆపైన మంట. ఏడు వందల ఏళ్ల కాగితాలు. కాలిన ముక్కలు గాలికి లేచి నగరం మీద వానలా పడ్డాయట. 1821 నుంచి 1851 దాకా పదేళ్లకోసారి తీసిన నాలుగు జనాభా లెక్కలు దాదాపు అన్నీ అందులో పోయాయి. భద్రంగా ఉంటాయని అక్కడికి చేర్చిన చర్చ్ ఆఫ్ ఐర్లండు రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. ప్రభుత్వం అక్కరలేదనుకున్న క్యాథలిక్ ఫాదరీలు ఎవరి రిజిస్టరు వాళ్లు ఇంట్లో చెక్కపెట్టెలో పెట్టుకున్నారు కాబట్టి అవి బతికాయి. డబ్లిన్‌లోని నేషనల్ లైబ్రరీ వాటి ఫొటోల్ని 2015లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది.

ఇక్కడ ఒక మాట. అన్నిటికీ ఆ మంట మీదే నెపం వేస్తారు గానీ అది నిజం కాదు. 1861, 1871 లెక్కల కాగితాల్ని ప్రభుత్వమే, పని అయిపోయింది కదా అని, తీసిన కొన్నాళ్లకే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జు చేసేశారు. గుమాస్తాలు చేసిన నష్టం ఫిరంగి చేసినదానికి ఏమీ తీసిపోదు. పూర్తిగా మిగిలినవాటిలో మొదటివి 1901, 1911 లెక్కలే.

అలాంటి దేశంలో రాయికి అంత విలువ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ విలువ మంటకి ముందే కొందరు గుర్తించారు. 1888లో కర్నల్ విగర్స్ అనే ఆయన ఒక సంఘం పెట్టి, ఊరూరా సమాధి రాళ్ల మీది రాతల్ని ఎత్తి రాయించి పత్రికగా అచ్చు వేయించాడు. ఆ పని 1934 దాకా సాగింది. వాళ్లు రాసుకున్న రాళ్లలో కొన్ని ఇప్పుడు లేవు, రాత మిగిలింది. మన దగ్గరా ఇలాంటి పని ఒకటి జరిగింది. జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు రాజధానిలోని తెల్లవాళ్ల సమాధుల రాతల్ని పోగుచేస్తే 1905లో ప్రభుత్వం అచ్చు వేసింది. మద్రాసు ఫ్యుజిలియర్స్ అన్న పటాలం 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌గా మారిందని తెలిస్తే, మద్రాసు రాజధానిలోని సమాధుల్లో ఐరిష్ ఇంటిపేర్లు ఎందుకు ఎదురవుతాయో ఆశ్చర్యం ఉండదు.

సరే, మా రాయి దగ్గరికి వద్దాం.

ఆవిడా నేనూ వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాం. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, రెండు వైపులా సొరంగం తవ్వినట్టు.

పైనుంచి మొదట దొరికింది దశమభాగం పన్ను పుస్తకం. 1823 నుంచి 1837 దాకా దేశమంతా రాశారు వీటిని. ఏ మతం రైతైనా సరే చర్చ్ ఆఫ్ ఐర్లండు ఫాదరీల పోషణకి పన్ను కట్టాలి. దాని కోసం ఎవరి చేతికింద ఎంత నేల ఉందో లెక్క. ఆ టౌన్‌ల్యాండ్ పుటలో రాయి నిలబెట్టినవాడి పేరు, పేరు పక్కన ఎకరాలు ఉన్నాయి. 1833 నాటికి మనిషి బతికే ఉన్నాడు.

తర్వాతది గ్రిఫిత్ వాల్యుయేషన్. రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజనీరు 1847 నుంచి 1864 దాకా ఐర్లండులో ప్రతి ఇంటికీ, ప్రతి చేనుకీ విలువ కట్టించిన జాబితా. అచ్చు పుస్తకాలు కాబట్టి ప్రతులు మిగిలాయి. అదే టౌన్‌ల్యాండ్, అదే ఇంటిపేరు, ఇల్లు విలువ 10 షిల్లింగులు. కానీ మనిషి పేరు వేరు. రాయి నిలబెట్టినవాడిది కాదు. మరెవరిది? రాయి మీద 1809లో పోయిన తండ్రిది!

చచ్చినవాడు లేచొచ్చి పన్ను కడుతున్నాడా అని నేను తికమక పడుతుంటే ఆవిడ నా వైపు చూసి, "మీ దేశంలో పెద్దకొడుక్కి ఎవరి పేరు పెడతారు?" అంది. తాత పేరు. మా ఇంట్లోనూ అంతే. అక్కడా అంతే. పెద్దకొడుక్కి తండ్రి తరఫు తాత పేరు, రెండోవాడికి తల్లి తరఫు తాత పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు. కాబట్టి గ్రిఫిత్ జాబితాలో ఉన్నది రాయి నిలబెట్టినవాడి కొడుకు. ఒక తరం విడిచి ఒక తరం రెండే పేర్లు, ఊయలలా ఇటూ అటూ. ఆవిడ ముత్తాతకి రాయి నిలబెట్టినవాడి పేరు, తాతకి ఆయన తండ్రి పేరు, మళ్లీ తండ్రికి రాయివాడి పేరు. అది తెలిశాక లెక్క చకచకా నడిచింది. కాకపోతే ఇలా కుదిరిందని నమ్మెయ్యడమే అతి పెద్ద ప్రమాదం. పక్క చేనులోనే అదే ఇంటిపేరుతో, అవే రెండు పేర్లతో ఇంకో కుటుంబం ఉంది. మనవాళ్లు ఎవరు? అక్కడ ఆదుకుంది ఆ "ఎలియస్" ముసలమ్మ. ఆమె పుట్టింటివాళ్లు మన టౌన్‌ల్యాండ్‌కి ఆనుకుని ఉన్న పొలంలో మూడు ఇళ్లవాళ్లు. రెండో కుటుంబం ఉండేది వాగుకి అవతల.

కిందినుంచి వచ్చిన సాక్ష్యం ఇంకా తమాషా. 1901 జనాభా లెక్కలో ఆవిడ ముత్తాత ఉన్నాడు. గోడలు రాతివి, కప్పు గడ్డిది, ముందువైపు మూడు కిటికీలు, చదవడం రాదు, వయసు 63. పదేళ్ల తర్వాత 1911లో అదే మనిషి, అదే ఇల్లు, వయసు 80. పదేళ్లలో పదిహేడేళ్లు పెరిగాడు!

ఇదేమీ వింత కాదు, దేశంలో చాలామంది ముసలివాళ్లకి ఇలాగే పెరిగింది. కారణం పింఛను. 1909 జనవరి 1 నుంచి డెబ్బై దాటిన పేదలకి వారానికి 5 షిల్లింగులు ఇస్తామన్నారు. ఐర్లండులో అందరి జననాలూ నమోదు చెయ్యడం మొదలైందే 1864లో. డెబ్బై దాటినవాళ్లకి పుట్టిన కాగితం ఎక్కడిది? అందుకని 1839 జనవరి 6 రాత్రి వచ్చిన పెద్దగాలి మీకు గుర్తుందా అని అడిగేవాళ్లట. గుర్తుందంటే డెబ్బై దాటినట్టే. గుర్తులేదని ఎవడంటాడు? మా అవ్వ కూడా ఇలాగే చెప్పేది. వాళ్లమ్మ ధాత కరువు నాటికి చంకలో బిడ్డట. ధాత నామ సంవత్సరమంటే 1876. కోస్తావాళ్లు దివిసీమ ఉప్పెన నాటికి ఇంతవాణ్ని అంటారు. తేదీల కంటే దెబ్బలు బాగా గుర్తుంటాయి.

గాలి సాక్ష్యం చాలదన్నప్పుడు గుమాస్తాలు 1841, 1851 జనాభా లెక్కలు తిరగేసి, ఫలానా ఇంట్లో ఈ పిల్లవాడు ఇంత వయసుతో ఉన్నాడు అని ఒక చీటీ మీద రాసేవాళ్లు. లెక్కల పుస్తకాలు 1922లో కాలిపోయాయి. చీటీలు వేరే చోట ఉండి మిగిలాయి. పింఛను కోసం మన ముత్తాత పెట్టుకున్న అర్జీకి రాసిన చీటీ ఆవిడకి నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరికింది. 1851లో, ఆ టౌన్‌ల్యాండ్‌లో, తండ్రి పేరు, తల్లి పేరు, పిల్లవాడి వయసు 15. తండ్రి పేరు గ్రిఫిత్ జాబితాలో ఉన్నదే. సొరంగం రెండు వైపులా కలిసింది. రాయి నిలబెట్టినవాడు ఆవిడ ముత్తాతకి తాత.

ఆ సాయంత్రం ఆవిడ సంతోషం చూడాలి. నాకు టీ బదులు ఇంకేదో పోయబోయింది. నేను మర్యాదగా వద్దన్నాను.

కానీ పని పూర్తి కాలేదు. రాయి అడుగున, ఆ నలుగురు పిల్లల వరస కింద, ఒక మూర ఎత్తు నున్నటి ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఎవరికోసమో మీరు ఊహించే ఉంటారు. తల్లిదండ్రులకీ, పిల్లలకీ రాయి పెట్టించినవాడు తనకీ చోటు ఉంచుకున్నాడు. అక్కడ ఎవరూ ఏమీ చెక్కించలేదు.

ఎప్పుడు పోయాడు? 1833 పన్ను పుస్తకంలో ఉన్నాడు, 1853 వాల్యుయేషన్ నాటికి లేడు. ఆ మధ్యలో 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప తెగులు, మహా కరువు. దేశంలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఇదే వెక్స్‌ఫర్డ్ కౌంటీ డంగన్స్‌టౌన్ నుంచి ఆ రోజుల్లో వెళ్లిపోయినవాడే ప్యాట్రిక్ కెనెడీ. ఆయన మునిమనవడు అమెరికా అధ్యక్షుడై 1963 జూన్‌లో ఆ పొలానికే వచ్చి టీ తాగి వెళ్లాడు. ఓడలెక్కినవాళ్లలో కొందరికి బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో రాళ్లున్నాయి, వాటి మీద ఫలానా కౌంటీ, ఫలానా పారిష్‌లో (ఒక చర్చి కిందికొచ్చే ఊళ్లు) పుట్టినవాడు అని సొంత చోటు చెక్కించుకున్నారు. ఓడ కాగితాల్లో ఐర్లండు అన్న ఒక్క మాటే ఉంటుంది, రాయి మీద పల్లె ఉంటుంది. ఉండిపోయి పోయినవాడికే ఏమీ లేదు. మరణాల నమోదు ఇంకా మొదలు కాలేదు. ఆ క్యాథలిక్ పారిష్‌లో బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ రాశారు గానీ చావులు రాయలేదు.

ఒక్క చోట మాత్రం ఉండేది. 1851 జనాభా లెక్క పత్రంలో, గడిచిన పదేళ్లలో ఆ ఇంట్లో ఎవరు పోయారో, ఏ సంవత్సరం పోయారో రాసే పట్టిక వేరే ఉండేది. పింఛను చీటీ రాసిన గుమాస్తా ఆ పత్రాన్ని చేత్తో పట్టుకున్నాడు. అతనికి కావలసింది పదిహేనేళ్ల పిల్లవాడి వయసు. అది ఎత్తి రాసుకుని, కాగితం మడిచి, మళ్లీ అలమారాలో పెట్టేశాడు. ఇంకో పదమూడేళ్లకి అలమారా కాలిపోయింది.

ఈ సంగతి తెలిసిన రోజు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

నేను తిరిగి వచ్చే ముందు ఆదివారం ఆ తోటలో సమాధుల పండగ. ఏటా వేసవిలో ఒక ఆదివారం ఫాదరీ వచ్చి సమాధులన్నిటికీ ఆశీర్వాదం చెబుతాడు. వారం ముందు నుంచే ఎవరి వాళ్ల దగ్గర వాళ్లు గడ్డి కోసి, పూలు పెట్టుకుంటారు. పెద్దల పండక్కి మనం చేసే హడావుడే. ఆవిడ ఒక రాతిపని మేస్త్రిని వెంటబెట్టుకొచ్చింది. ఖాళీ చూపించి, ఇక్కడ ఆయనకి కూడా రెండు వరసలు చెక్కిపెట్టమంది, ఎంతవుతుందో చెప్పమంది.

మేస్త్రి కుర్రవాడు. మోకాళ్ల మీద కూర్చుని పలక రాయి అంచుని గోటితో మీటాడు. డొల్ల చప్పుడొచ్చింది. "పొరలు విడిపోయాయమ్మా, ఉలి తగిలిస్తే పెచ్చులూడిపోతుంది. పైగా పాత తోట, పర్మిషన్ కావాలి" అన్నాడు. సరే, పర్మిషన్ సంగతి నేను చూసుకుంటానంది. "ఏ సంవత్సరం వెయ్యమంటారు?" అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను రాయి వైపు చూశాను.

"సంవత్సరం వద్దులే, పేరు చాలు" అంది చివరికి.

అతను తల పైకెత్తి, మొదటి వరస మీద వేలు పెట్టి, "పేరు ఇక్కడ ఉందిగా" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ వరసని ఇంకోసారి చదువుకుంది. తర్వాత చేతి తొడుగులు వేసుకుని, రాయి మొదట్లో మళ్లీ మొలిచిన నెటిల్ మొక్కల్ని పీకడం మొదలుపెట్టింది. అద్దం కారులో పెట్టిరమ్మని నాకు చెప్పింది.